కాలికి బలపం, ఒళ్ళో లాప్‌టాప్: రెండూ కలిసి నడుస్తాయా?

ప్రశ్న: నాకు ఇరవై ఎనిమిదేళ్ళు. మాది రాజమండ్రి. హైదరాబాద్‌లోని ఒక ఐటీ కంపెనీలో టెస్టింగ్ చేస్తాను. క్లయింట్ న్యూజెర్సీ వాళ్ళు. సాయంత్రం ఆరున్నర నుంచి పదిన్నర దాకా కాల్స్ ఉంటాయి, మిగతా పని నా వీలును బట్టి చేసుకోవచ్చు. ఆఫీసుకు వెళ్ళే పని లేదు కాబట్టి జనవరిలో పీజీ ఖాళీ చేసి తిరగడం మొదలుపెట్టాను. గోకర్ణ, వర్కల, పాండిచ్చేరి, ఎండలు ముదిరాక హిమాచల్‌లో బీర్, ఇంకా మధ్యలో చిన్న చిన్న ఊళ్ళు. వారం, పది రోజులకో ఊరు. మొదట్లో చాలా బాగుంది. ఇప్పుడు ఊరూ సరిగ్గా చూడట్లేదు, పనీ సరిగ్గా చేయట్లేదు. ఢిల్లీ నుంచి బీర్ వెళ్ళే బస్సులోనే ఒక కాల్ తీసుకున్నాను. చండీగఢ్ దాటాక సిగ్నల్ పోయింది. ఆ రోజే సాఫ్ట్‌వేర్ రిలీజ్. మర్నాడు మేనేజర్ ఎక్కడున్నావని అడిగితే ఇంట్లోనే ఉన్నాను, కరెంట్ పోయింది అన్నాను. అప్పటినుంచి ఒకటే టెన్షన్. ‘ఇల్లూ వాకిలీ లేనట్టు ఆ తిరుగుడేంటే’ అని అమ్మ రోజూ ఫోన్‌లో అంటుంది. ఇప్పుడు నా స్నేహితురాలు మూడు నెలలు థాయ్‌లాండ్ వెళ్దాం అంటోంది. అక్కడ అందరూ ఇలాగే ఉంటారట, కంపెనీకి చెప్పక్కర్లేదట. నాకు లేహ్ కూడా చూడాలని ఉంది. నా ప్యాకేజీ 16 లక్షలు. ఉద్యోగం వదలకుండా ఇలా బతకడం అసలు కుదిరేదేనా, లేక నాకే చేతకావట్లేదా? నవంబర్, డిసెంబర్‌లలో ఎక్కడుంటే బాగుంటుందో కూడా చెప్పండి.

– పేరు వద్దన్న పాఠకురాలు

జవాబు: కుదురుతుంది. కాకపోతే వారానికో ఊరు లెక్కన కుదరదు. మీ చేతకానితనం కాదు, ఆ లెక్కే అలాంటిది.

వైఫై గురించి, అమ్మగారి గురించి, థాయ్‌లాండ్ గురించి చాలా రాశారు. నా కళ్ళు మాత్రం ‘వారం, పది రోజులకో ఊరు’ దగ్గరే ఆగిపోయాయి. ఊరు మారడమంటే బస్సులో కూర్చునే పది గంటలే అనుకుంటాం. దానికి ముందురోజు సర్దుకోవడం ఉంటుంది. హాస్టల్ వాళ్ళు పదకొండుకల్లా గది ఖాళీ చేయమంటారు, కొత్త చోట ఒంటిగంటకో రెండింటికో గానీ తాళం చేతికివ్వరు. ఆ మధ్యలో బ్యాగు కాళ్ళ దగ్గర పెట్టుకుని ఏదో కఫేలో కూర్చుంటాం. ఇంకో కాఫీ చెప్పకపోతే లేచిపొమ్మంటారేమో అని కౌంటర్ వైపు చూస్తూ మెయిల్స్ తెరుస్తాం. గదిలోకి వెళ్ళాక ప్లగ్ పాయింట్ ఎక్కడుందో వెతుక్కోవాలి. బట్టలు ఎవరు ఉతికిస్తారో, రాత్రి పదకొండుకి ఆకలేస్తే ఏం దొరుకుతుందో, ఏ సందులో ఒంటరిగా నడవకూడదో తెలియడానికి నాలుగు రోజులు పడుతుంది. కాస్త కుదురుకున్నారనగానే మళ్ళీ బ్యాగు. జనవరి నుంచి మీకు ప్రతి ఊళ్ళోనూ సగం సమయం ఈ మొదటి నాలుగు రోజులకే పోయింది. ఐదో రోజు తర్వాత మొదలయ్యే సుఖం ఒక్క చోట కూడా పట్టుమని వారం దక్కలేదు.

నేనూ కొన్నేళ్ళుగా ఊళ్ళు మారుతూ పనిచేసుకుంటున్నదాన్నే కాబట్టి కాస్త ధైర్యంగా చెబుతున్నాను: ఎక్కడికి వెళ్ళినా నెలకు తక్కువ ఉండకండి. ఆరు వారాలైతే ఇంకా మంచిది. అలా అయితే ఏడాదికి ఎనిమిదో తొమ్మిదో ఊళ్ళే అవుతాయి. అయితే ఏమైంది? నెలకు మాట్లాడుకుంటే అద్దె కూడా బాగా తగ్గుతుంది. రోజుకింత అని తీసుకునే గదిని నెల మొత్తానికి అడిగితే, సీజన్ కాని రోజుల్లో యజమానులు సగానికి దిగిన సందర్భాలున్నాయి. ఆన్‌లైన్‌లో నాలుగు రోజులకు బుక్ చేసుకుని, వెళ్ళి గది చూసి, అప్పుడు యజమానితో నేరుగా నెల బేరం ఆడటం నా పద్ధతి.

ప్రయాణం శనివారం పగలే చేయండి. ఆదివారం గదినీ నెట్‌నీ పరీక్షించుకోవడానికి ఉంచుకోండి. శుక్రవారం కాల్ అయ్యాక రాత్రి బస్సెక్కితే ఒక రోజు కలిసొస్తుందనిపిస్తుంది. ఆ ఒక్క రోజు కోసం సోమవారం దాకా నిద్ర చాలదు. అమ్మాయిలు తెలియని ఊళ్ళో తెల్లవారుజామున నాలుగింటికి దిగి ఆటో కోసం నిలబడే అవస్థ వేరే. ఇక రిలీజ్ ఉన్న వారంలో కదలనే వద్దు. మీ టీమ్‌కు రిలీజ్ క్యాలెండర్ ఉండే ఉంటుంది. టికెట్లు దాన్ని చూసి కొనాలి, ఆఫర్లు చూసి కాదు.

ఊరు ఎంచుకునేటప్పుడు అందరూ మ్యాప్ చూస్తారు. మీరు ముందు గడియారం చూడండి. న్యూజెర్సీలో ఉదయం తొమ్మిదంటే ఇప్పుడు మనకు సాయంత్రం ఆరున్నర. అమెరికాలో నవంబర్ మొదటి ఆదివారం గడియారాలు ఒక గంట వెనక్కి తిప్పుతారు, మార్చి రెండో ఆదివారం దాకా అలాగే ఉంటాయి. అంటే ఆ నాలుగు నెలలూ మీ కాల్స్ ఏడున్నరకు మొదలై పదకొండున్నరకు ముగుస్తాయి. ఈ సంగతి మీకు తెలిసే ఉంటుంది. కానీ ఊరి ఎంపికకూ దీనికీ ముడిపెట్టినట్టు లేరు.

చూడండి, మీరు మొదట వెళ్ళిన రెండు ఊళ్ళూ పడమటి తీరంలో ఉన్నాయి. గోకర్ణకైనా వర్కలకైనా జనం వెళ్ళేదే సాయంత్రం కోసం. సముద్రంలో సూర్యుడు దిగేది ఆరుంపావు, ఆరున్నర ప్రాంతంలో. మార్చిలో అమెరికా గడియారాలు మారాక సరిగ్గా అప్పుడే మీరు గదిలో చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని ‘కెన్ యూ హియర్ మీ’ అంటుంటారు. అంతకుముందు నెలల్లోనైనా ఏడున్నర కాల్ కోసం గదికి పరుగెత్తాలి. బయట ఊరంతా ఒడ్డున ఉంటుంది. మీకు తిరిగినట్టు అనిపించకపోవడంలో వింతేముంది? మీ చేతిలో ఉన్నది ఉదయాలు. ఉదయాలు బాగుండే ఊళ్ళు వెతుక్కోవాలి. తూర్పు తీరంలో విశాఖ, పాండిచ్చేరి, పూరీ ఉన్నాయి. కొండ ఊళ్ళయితే పొద్దున నడకకు బాగుంటాయి. బీర్‌లో పారాగ్లైడింగ్ ఎలాగూ పగటి పూటే, అదీ ఎండ కాసి గాలి లేచాక. ఆ ఊరు మీ పని వేళలకు చక్కగా సరిపోతుంది. మీరక్కడ పట్టుమని పది రోజులు కూడా ఉండకపోవడమే నాకు బాధగా ఉంది. ఉదయం పదకొండు దాకా పడుకుని, లేచి భోంచేసి, రెండింటికి ఊరు చూద్దామని బయల్దేరి, నాలుగింటికి ఉరుకులు పరుగుల మీద వెనక్కి వచ్చే అలవాటు కూడా మీకు ఉండి ఉంటుందని నా అనుమానం. పదిన్నరకు కాల్ అయ్యాక ఫోన్ పట్టుకోకుండా పన్నెండులోపు పడుకుంటే ఏడింటికి లేవచ్చు. ఏడు నుంచి ఒంటిగంట దాకా ఊరు మీది. రెండు నుంచి ఆరు దాకా టెస్ట్ కేసులు, రిపోర్టులు, తర్వాత కాల్స్. హైదరాబాద్‌లో మెట్రో ఎక్కి ఆఫీసుకు వెళ్ళేవాళ్ళలో ఎంతమందికి పని రోజున ఆరు గంటల పగలు ఖాళీగా దొరుకుతుంది?

ఇప్పుడు గది సంగతి. ‘వైఫై ఉందా?’ అని అడిగితే లేదనే యజమాని దేశంలో ఎక్కడా దొరకడు. ఆ ప్రశ్న మానేయండి. ‘మీరు ఇవ్వబోయే గదిలోనే నిలబడి, రాత్రి ఏడున్నరకు స్పీడ్ టెస్ట్ చేసి స్క్రీన్‌షాట్ పంపండి’ అని అడగండి. ఏడున్నరకే ఎందుకంటే, ఇంటిల్లిపాదీ సీరియళ్ళు, క్రికెట్ ఫోన్లలో పెట్టుకునేది అప్పుడే, మీకు కాల్ ఉండేదీ అప్పుడే. మధ్యాహ్నం మూడింటికి తీసిన స్క్రీన్‌షాట్ మీకు పనికిరాదు. అందులో డౌన్‌లోడ్ అంకె చూసి మురిసిపోకండి. వీడియో కాల్‌లో మీ గొంతు తెగకుండా ఉండాలంటే అప్‌లోడ్ 3, 4 ఎంబీపీఎస్ అయినా నిలకడగా ఉండాలి, పింగ్, అంటే సిగ్నల్ వెళ్ళి రావడానికి పట్టే సమయం, ఊరికే ఎగిరెగిరి పడకూడదు. డౌన్‌లోడ్ 100 చూపిస్తూ అప్‌లోడ్ ఒకటికీ రెండుకీ మధ్య కొట్టుకునే కనెక్షన్లు నేను చూశాను. సినిమాలకు భేషుగ్గా ఉంటాయి, టీమ్ స్టాండప్ మీటింగ్‌కి పనికిరావు.

రెండో ప్రశ్న: ‘కరెంట్ పోతే నెట్ ఉంటుందా?’ వచ్చే జవాబు, ‘ఇన్వర్టర్ ఉందండీ’. నిజమే, ఉంటుంది. కరెంట్ పోగానే ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది, లైటు వెలుగుతూనే ఉంటుంది, మీ కాల్ మాత్రం ఠపీమని ఆగిపోతుంది. కిందికి దిగి చూస్తే రూటర్ వరండాలో మేకుకు వేలాడుతుంటుంది. దాని ప్లగ్ ఉన్న లైన్‌కు ఇన్వర్టర్ ఇవ్వలేదు. ఇలాంటి ఇళ్ళు కోకొల్లలు. ఎక్స్‌టెన్షన్ బాక్సుతో సర్దుబాటు అవుతుందేమో మొదటి రోజే ఇంటివాళ్ళను అడగండి. దాంతోపాటు రూటర్‌కు పెట్టే చిన్న యూపీఎస్ ఒకటి మీ బ్యాగులో పడేసుకోండి. అరచేతిలో పట్టేంత ఉంటుంది, రెండు మూడు గంటలు నడుపుతుంది. కొనేముందు ఓల్టేజ్ చూసుకోవాలి. రూటర్లు ఎక్కువగా 12 ఓల్టులవే ఉంటాయి గానీ అన్నీ కాదు, అడాప్టర్ మీద రాసి ఉంటుంది. విమానంలో దాన్ని పవర్ బ్యాంకులాగే చేతి బ్యాగులో పెట్టుకోవాలి, చెకిన్ లగేజీలో పెట్టనివ్వరు.

అయినా కొండ ఊళ్ళలో వాన పడితే ఇంట్లో కరెంట్ ఉన్నా వీధి చివరి నెట్ పెట్టెకు ఉండదు. అప్పుడు ఫోన్ హాట్‌స్పాటే దిక్కు. మీ రెండు సిమ్‌లూ ఒకే కంపెనీవైతే ఒకటి మార్చుకోండి. ఒక లోయలో జియో అందితే పక్క లోయలో ఎయిర్‌టెల్ అందుతుంది. ఆదివారం కావాలని వైఫై ఆపేసి, హాట్‌స్పాట్ మీద ఎవరో స్నేహితులకు అరగంట వీడియో కాల్ చేసి చూడండి. గదిలో ఏ మూల సిగ్నల్ వస్తుందో కాల్ మధ్యలో వెతుక్కునే ఖర్మ పట్టదు.

కుర్చీ గురించి ఒక్క మాట. మంచం మీద దిండ్లకు ఆనుకుని లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని పనిచేసే ఫొటోలు చూడ్డానికి బాగుంటాయి. ఆరు నెలలు అలా చేస్తే మెడ పట్టేస్తుంది, ఆ తర్వాత ఏ జలపాతం దగ్గరా దిగలేరు. ఇంటివాళ్ళను భోజనాల బల్ల కుర్చీ ఒకటి అడగండి, ఇస్తారు. మడిచే లాప్‌టాప్ స్టాండ్, విడి కీబోర్డు కలిపి కిలో కూడా ఉండవు.

ఇంతవరకూ చెప్పినవి డబ్బుతోనో ఓపికతోనో తీరేవి. మేనేజర్‌కు చెప్పిన అబద్ధం అలా తీరదు. మీరు రాసిన టెన్షన్ నెట్ వల్ల వచ్చింది కాదు, దీనివల్లే వచ్చింది. ఇంట్లోనే ఉన్నానన్నాక ప్రతి కాల్‌లోనూ మీ వెనక గోడ రంగు మారుతుంది, కుక్కల అరుపు మారుతుంది, మంచు టోపీ పెట్టుకున్న మనిషి టీ పట్టుకుని లోపలికొస్తాడు. అందుకే మీరు కెమెరా ఆపేస్తున్నారనుకుంటాను. కెమెరా ఆపేసేవాళ్ళ మీదే మేనేజర్లకు అనుమానం ఎక్కువ. పైగా మీ లాప్‌టాప్ కంపెనీది. ప్రతి లాగిన్ ఏ ఊరి నెట్ నుంచి వచ్చిందో వాళ్ళ సెక్యూరిటీ టీమ్ తల్చుకుంటే చాలావరకు చూడగలదు. ఇప్పటిదాకా చూడలేదంటే అవసరం రాలేదంతే.

మేనేజర్‌కు మీరే చెప్పేయండి. గతమంతా తవ్విపోయక్కర్లేదు. ‘ఆ రోజు నేను ప్రయాణంలో ఉన్నాను, ఇంట్లో ఉన్నానని చెప్పడం సరికాదు, ఇకపై రిలీజ్ వారాల్లో ప్రయాణం పెట్టుకోను’ అంటే చాలు. తర్వాత అసలు అడగాల్సింది అడగండి: ‘వచ్చే మూడు నెలలు ఇండియాలోనే, ఫలానా ఊళ్ళో ఉండి పనిచేస్తాను. కాల్స్ వేళలో ఎప్పటిలాగే ఉంటాను. నెట్ పోతే ఐదు నిమిషాల్లో హాట్‌స్పాట్ మీదికి వస్తాను. మూడు నెలల తర్వాత పని చూసి మీరే చెప్పండి.’ ఇది నోటితో చెప్పాక మెయిల్‌లో కూడా పెట్టండి. మేనేజర్లలో చాలామందికి మీరు ఏ ఊళ్ళో ఉన్నారన్నది పెద్ద పట్టింపు కాదు. ఆరున్నరకు మీరు ఉంటారా ఉండరా అన్నది తేలకపోవడమే వాళ్ళకు చిరాకు.

హెచ్‌ఆర్‌ను కూడా అడగాలి, ఎందుకంటే వర్క్ ఫ్రమ్ హోమ్ అని రాసిన చోట ‘హోమ్’ అంటే మీరు రికార్డుల్లో ఇచ్చిన చిరునామా అని కొన్ని కంపెనీలు అర్థం చెబుతాయి. చిరునామా మారితే తెలియజేయాలన్న షరతు మీ ఆఫర్ లెటర్‌లోనే ఉండొచ్చు, తీసి చదవండి. మీరు టెస్టింగ్‌లో ఉన్నారు కాబట్టి క్లయింట్ కస్టమర్ల వివరాలు మీ తెరమీదికి వస్తుంటాయేమో కూడా చూసుకోండి. అలాంటి పని కఫే వైఫై మీద, వెనక ఎవరో కూర్చుని ఉండగా చేయకూడదు. ఒకవేళ కుదరదంటే? ఏడాదికి ఒక రెండు నెలలైనా ఇమ్మనండి. అదీ కాదంటే మీకు కావాల్సింది ఎక్కడినుంచైనా పనిచేయొచ్చని ముందే రాసిచ్చే ఉద్యోగం. ఉన్న ఉద్యోగంలో ఉంటూనే దాన్ని వెతుక్కోండి.

థాయ్‌లాండ్ సంగతి. మీ స్నేహితురాలి మాట సగం నిజం. చియాంగ్ మాయ్‌లో, బ్యాంకాక్‌లో అలా ఉండేవాళ్ళు చాలామందే ఉన్నారు. కంపెనీకి చెప్పక్కర్లేదన్న సగమే తప్పు. టూరిస్టుగా వెళ్ళి గదిలో లాప్‌టాప్ తెరిస్తే థాయ్ పోలీసులు తలుపు కొట్టకపోవచ్చు. మిమ్మల్ని పట్టుకునేది వాళ్ళు కాదు, మీ కంపెనీ సెక్యూరిటీ టీమ్. హైదరాబాద్ ఉద్యోగి ఖాతాలోకి బ్యాంకాక్ నుంచి లాగిన్ వస్తే వాళ్ళ సిస్టమ్ అలారం కొడుతుంది. ఇండియాలో ఉన్నట్టు చూపించే వీపీఎన్ చిట్కాలు యూట్యూబ్ నిండా ఉన్నాయి, వాటి జోలికి పోకండి. ఊరు చెప్పకపోవడానికి మందలింపుతో సరిపెట్టే కంపెనీ కూడా, మోసం చేసి దాచారంటే ఉద్యోగం తీసేస్తుంది. వాళ్ళ భయానికీ కారణం ఉంది. క్లయింట్‌తో ఒప్పందంలో డేటా ఫలానా దేశం దాటకూడదని ఉండొచ్చు. ఉద్యోగి వేరే దేశంలో కూర్చుని పనిచేస్తే అక్కడి పన్నుల చట్టాలు కంపెనీకి కూడా చుట్టుకోవచ్చు.

సక్రమమైన దారి ఉంది. థాయ్‌లాండ్ 2024 జులైలో డీటీవీ (డెస్టినేషన్ థాయ్‌లాండ్ వీసా) అనే వీసా మొదలుపెట్టింది. అది ఐదేళ్ళు చెల్లుతుంది, వెళ్ళిన ప్రతిసారీ 180 రోజుల దాకా ఉండనిస్తారు. బ్యాంకులో 5 లక్షల బాత్ ఉన్నట్టు చూపాలి. మన రూపాయల్లో పన్నెండు లక్షల పైమాటే. దూరం నుంచి పనిచేస్తున్నట్టు ఉద్యోగ పత్రాలూ పెట్టాలి. మలేసియా రిమోట్ పనివాళ్ళ కోసం 2022లో తెచ్చిన డీఈ రాన్‌టావ్ పాస్‌కు ఐటీ వాళ్ళయితే ఏడాదికి 24 వేల డాలర్ల పైన సంపాదన కావాలి. బాలీలో రిమోట్ పనికి ఇండోనేసియా ఇచ్చే వీసాకు ఏడాదికి 60 వేల డాలర్లు. మీ 16 లక్షలు డాలర్లలోకి మారిస్తే 20 వేలు కూడా దాటవు. కాబట్టి ఆ రెండూ ప్రస్తుతానికి మీకు అందవు. ఇక మిగిలింది థాయ్‌లాండ్. కంపెనీ కాగితాలు పెట్టి వీసా తెచ్చుకుని, అదే కంపెనీకి తెలియకుండా వెళ్ళడం ఏం తెలివి? పైగా ఈ రూల్స్, ఫీజులు మారుతుంటాయి, అప్లై చేసే ముందు వాళ్ళ ఎంబసీ సైట్ చూడాలి.

ఇవన్నీ సర్దుకున్నాయనే అనుకుందాం. గడియారం మాటేమిటి? థాయ్‌లాండ్ మనకంటే గంటన్నర ముందుంటుంది. మీ కాల్స్ అక్కడ రాత్రి ఎనిమిదికి మొదలై పన్నెండుకు అవుతాయి. నవంబర్ నుంచి మార్చి దాకా, అంటే అందరూ అక్కడికి వెళ్ళే సీజన్‌లో, రాత్రి తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా. అమెరికా టీమ్‌తో పనిచేసేవాళ్ళు తూర్పుకు పోయేకొద్దీ వాళ్ళ నిద్ర కరిగిపోతుంది. నన్నడిగితే థాయ్‌లాండ్‌కు పది రోజులు సెలవు పెట్టి, లాప్‌టాప్ ఇంట్లో పడేసి వెళ్ళండి.

లేహ్‌కు కూడా అదే మాట. అది 3500 మీటర్ల ఎత్తున ఉంది. విమానంలో దిగినవాళ్ళు మొదటి రెండు రోజులు గదిలో పడుకుని ఒంటిని అలవాటు చేసుకోవాలి. తలనొప్పితో బగ్ రిపోర్టులు రాయలేరు. బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు లద్దాఖ్‌లో పనిచేయవు, పోస్ట్‌పెయిడ్ ఉండాలి. ఇది తెలియక విమానాశ్రయంలో దిగి ఫోన్ వంక తెల్లముఖం వేసేవాళ్ళు ప్రతి ఏడూ ఉంటారు. పాంగాంగ్ సరస్సు దాకా వెళ్ళి అక్కడ కూర్చుని కాల్ కోసం టవర్ వెతుక్కోవడం కంటే అన్యాయం ఉండదు. కొన్ని చోట్లు సెలవుకే.

అమ్మగారి మాట చివర్లో రాశానని తక్కువగా చూడలేదు. ఆవిడకు కోపం మీరు తిరుగుతున్నందుకు కాదేమో. ఈ రోజు ఎక్కడున్నారో, వచ్చే వారం ఎక్కడుంటారో తెలియక ఆవిడ కంగారు పడుతున్నారు. ఎవరైనా ‘మీ అమ్మాయి ఎక్కడుంటుందండీ’ అంటే ఏం చెప్పాలో కూడా తెలియదు పాపం. నెలకో ఊరయితే ఆ జవాబు ఆవిడ దగ్గర ఉంటుంది. ఇంటి అడ్రసు, ఇంటివాళ్ళ ఫోన్ నంబరు ఆవిడకు ఇవ్వండి. పండక్కి ఇంటికొచ్చే టికెట్ ముందే కొని ఆ తేదీ చెప్పండి. ఏడాదిలో రెండు నెలలు రాజమండ్రి నుంచే పనిచేసినా మునిగిపోయేదేమీ లేదు, అక్కడా గోదావరి గట్టు మీద ఉదయాలు ఉన్నాయి. మీకంటూ ఒక బీరువా, నాలుగు జతల బట్టలు, సర్టిఫికెట్లు ఒకచోట ఉండటం కూడా అవసరమే. ఆ చోటు అమ్మగారి ఇల్లే కావచ్చు.

నవంబర్, డిసెంబర్ అడిగారు కదా. నవంబర్ బీర్‌కు ఇవ్వండి. వానాకాలంలో ఆపేసిన పారాగ్లైడింగ్ అప్పటికి మళ్ళీ జోరందుకుంటుంది, ఆకాశం తేటగా ఉంటుంది. చలికి మాత్రం సిద్ధపడి వెళ్ళాలి, రాత్రి కాల్స్‌కు గదిలో హీటర్ ఉందో లేదో అడగండి. ఈసారి నెల ఉండండి. తూర్పు తీరానికి అక్టోబర్, నవంబర్‌లు తుపాన్ల కాలం. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖలో కరెంటూ ఫోన్లూ రోజుల తరబడి లేవు. అంత పెద్దది ప్రతి ఏడూ రాదు గానీ, రిలీజ్ ఉన్నవాళ్ళు పందెం కాయక్కర్లేదు. పాండిచ్చేరిలో కూడా ఆ నెలల్లోనే గట్టిగా వానలు.

డిసెంబర్‌కు విశాఖ రండి. నగరం కాబట్టి నెట్‌కూ ఆసుపత్రికీ వెతుక్కోనక్కర్లేదు. రుషికొండ, భీమిలి వైపు అద్దెకు ఫ్లాట్లు దొరుకుతాయి. పొద్దున్నే బీచ్ రోడ్డులో బండ్లు ఆపేసి నడిచేవాళ్ళకు వదిలేస్తారు. మీ కాల్ ఏడున్నరకు కాబట్టి సూర్యోదయం నుంచి మధ్యాహ్నం దాకా మీకు అడ్డు లేదు. శనివారం ఉదయం కిరండూల్ రైలెక్కితే సొరంగాలు దాటుకుంటూ అరకు. కాఫీ తోటలు, చలి, మంచు చూసుకుని ఆదివారానికి వెనక్కి వచ్చేయొచ్చు. లాప్‌టాప్ మాత్రం విశాఖలోనే వదిలి వెళ్ళండి, మన్యంలో ఊరు దాటితే సిగ్నల్ మీద ఆశ పెట్టుకోకూడదు. రాజమండ్రి నుంచి విశాఖ రైల్లో మూడు నాలుగు గంటలే కాబట్టి అమ్మగారిని కూడా ఓ వారం రమ్మనండి. రెండు గదుల ఫ్లాట్ చూసుకోండి, ఆవిడ టీవీ పెట్టుకునే గది మీ కాల్స్ గదికి కాస్త దూరంగా ఉండాలి.

మేనేజర్‌తో మాటలు మాత్రం అప్పటిదాకా ఆపకండి. ఈ వారమే, కాల్స్ తక్కువ ఉన్న రోజు చూసుకుని మాట్లాడండి. కెమెరా ఆన్ చేసి.